పిరమిడ్లకు పాట కావాలా, దరువు కావాలా?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు, నేను చదువు గురించో పోటీ పరీక్షల గురించో రాస్తానని అనుకుని ఉంటారు. వాటి మీద నాకంటే బాగా రాయగల అన్నలు మనకు చాలామంది ఉన్నారు. నేను రాయదలచుకున్నది చిన్న విషయం. ప్రతి ఏటా హాస్టల్ డే నాడు మన పిల్లలు పిరమిడ్లు కడతారు, పల్టీలు కొడతారు, రింగులోంచి దూకుతారు. అప్పుడు వెనక మోగే సంగీతాన్ని ఎవరు ఎంచుతున్నారు, ఏం చూసి ఎంచుతున్నారు అన్నదే నా ప్రశ్న. చిన్న విషయమని నేనే అన్నాను గానీ, దీనివల్ల ఒక పిల్లవాడి చెయ్యి విరగడం నేను కళ్ళారా చూశాను. చూశాను అనడం కూడా అబద్ధమే. అప్పుడు నా ముఖం నేలవైపు ఉంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటి మాట. కింద నలుగురం మోకాళ్ళూ చేతులూ నేలకు ఆనించి వంగి ఉంటాం. మా వీపుల మీద ముగ్గురు, వాళ్ళ మీద ఇద్దరు, కొసన ఆరో తరగతి పిల్లవాడు ఒకడు. మొత్తం పదిమందిమి. ఆ ఏడాది బాగా ఆడిన ఒక సినిమాలోని పాట పెట్టారు. నెల రోజులు ఆ పాట మీదే సాధన చేశాం. పల్లవి రెండోసారి వచ్చేసరికి రెండో వరస ఎక్కాలి, మధ్యలో మ్యూజిక్ బిట్‌కి మూడో వరస ఎక్కాలి, చరణం ఎత్తుకోగానే చిన్నోడు ఎక్కాలి, మళ్ళీ పల్లవి వచ్చినప్పుడు జెండా విప్పాలి, అది అయిపోగానే కింద నుంచి మేం మెల్లగా మోచేతులు దించాలి. ఇదీ మా లెక్క. కింద ఉన్న నలుగురికీ పైన ఏం జరుగుతోందో కనిపించదు. మాకు కళ్ళు లేవు, చెవులే.

ఫంక్షన్ రోజున పాట ఒకరి ఫోన్ నుంచి మోగుతోంది. మూడో వరస ఎక్కుతుండగా ఆ ఫోన్‌కి కాల్ వచ్చింది. గ్రౌండంతా రింగ్‌టోన్. జనం నవ్వారు. ఆయన కంగారుపడి కాల్ కట్ చేసి మళ్ళీ ప్లే నొక్కారు. వేలు తగిలిందో ఏమో, పాట ముందుకు జరిగిపోయింది. మా చెవులకు వినబడింది చివరి పల్లవి. అది అయిపోయింది. నేర్పినట్టే మేం మోచేతులు దించాం. పైన చిన్నోడు అప్పుడే మూడో వరస వాడి భుజం మీద కాలు పెడుతున్నాడు.

వాడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టుతో తిరిగాడు. తర్వాత విచారిస్తే తేలింది ఒక్కటే: కింద వరస కదిలింది. నిజమే, కదిలాం. ఎందుకు కదిలామో మమ్మల్ని ఎవరూ అడగలేదు, చెప్పే తెలివి మాకూ లేదు. రెండేళ్ళపాటు పిరమిడ్లు ఆపేశారు. నేను హాస్టల్ వదిలి ఇంటర్‌కి వెళ్ళేదాకా ఆ పిల్లవాడు ఎదురైతే నా చూపు వాడి చెయ్యి మీదికే పోయేది. వాడు మాత్రం నన్ను "అన్నా" అనే పిలిచేవాడు.

ఇప్పుడు నేను ఎం.ఎస్సీ. ఫిజిక్స్ చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదటివాణ్ణి. ధ్వని గురించి పాఠం విన్న రోజున నాకు గుర్తొచ్చింది ఆ మోచేతులే. అప్పట్నుంచి ఈ విషయం మీద కనిపించిందల్లా చదువుతూ, చూస్తూ వచ్చాను. నేను చెప్పదలచుకున్నది ఇది: పిల్లల విన్యాసాలకు సంగీతం ఎంచేటప్పుడు ముందు కూర్చున్న అతిథుల చెవులను కాక, కింద వరసలో తల వంచుకుని ఉన్నవాడి చెవులను తలచుకుని ఎంచాలి.

ఇది నేను కనిపెట్టిన సంగతేమీ కాదు. స్పెయిన్‌లో కాటలోనియా అనే ప్రాంతం ఉంది. బార్సిలోనా ఉన్నది అక్కడే. ఆ ఊళ్ళలో పండుగలకు మనుషుల మీద మనుషులు నిలబడి గోపురాలు కడతారు. ఆరు అంతస్తుల నుంచి పది అంతస్తుల దాకా కడతారు. 2010లో యునెస్కో దాన్ని మానవజాతి వారసత్వంగా గుర్తించింది. కొసన ఎక్కేది చిన్న పిల్లే, తలకు హెల్మెట్ ఉంటుంది. ఆ పిల్ల పైకి చేరి ఒక చెయ్యి ఎత్తితే గోపురం పూర్తయినట్టు. అడుగున వందలమంది ఒకరినొకరు అదిమిపట్టుకుని తలలు దించుకుని ఉంటారు. వాళ్ళకు పైన జరిగేది కనిపించదు, మాకు కనిపించనట్టే. అందుకని పక్కన నిలబడి 'గ్రాల్యా' అనే వాయిద్యం ఊదుతారు. మన సన్నాయిలాగే పీకతో ఊదేది. దాంతోపాటు చిన్న డోలు. గోపురం మొదలవగానే అవి మోగవు. కింది అంతస్తులు కుదురుకున్నాకే ఎత్తుకుంటారు. పైన పిల్ల చెయ్యెత్తగానే బాణీ మారుతుంది. దిగడం పూర్తయ్యేదాకా సాగుతుంది. అడుగున ఉన్నవాడు ఆ బాణీ విని ఎంతవరకు వచ్చిందో, ఇంకా ఎంతసేపు మోయాలో తెలుసుకుంటాడు. ఆ వీడియో మొదటిసారి చూసినప్పుడు, మా కింద నలుగురికీ ఒక సన్నాయి ఉండి ఉంటే అనిపించింది.

అంత దూరం పోవడం ఎందుకు? మా నాయనమ్మ చెప్పేది, తన చిన్నతనంలో దొమ్మరివాళ్ళు ఊరి మధ్య గడ పాతి, తాళ్ళు కట్టి ఆడేవాళ్ళట. కింద డోలు కొట్టే మనిషి జనం వంక చూసేవాడు కాదట, తాడు మీద పిల్ల కాళ్ళనే చూసేవాడట. పిల్ల తూలితే డోలు నెమ్మదించేది, నిలదొక్కుకుంటే మళ్ళీ అందుకునేది. ఆ పిల్లల బతుకు బాగుండేదని నేను అనను. కడుపు కోసం తాడెక్కిన పిల్లలు వాళ్ళు. సర్కస్‌లలో పిల్లల్ని పెట్టుకోవడం ఆపాలని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది, మంచి పని చేసింది. మహారాష్ట్రలో ఉట్టి కొట్టే పిరమిడ్లలోకి 14 ఏళ్ళలోపు పిల్లల్ని రానివ్వమని 2017లో అక్కడి ప్రభుత్వం బొంబాయి హైకోర్టుకు మాట ఇచ్చింది. మన దగ్గర ఆరో తరగతి పిల్లవాణ్ణి కొసకు ఎక్కించే ముందు ఈ సంగతి కూడా ఒకసారి ఆలోచించాలి. కానీ ఆ డోలు మనిషికి తెలిసిన విద్య మన సౌండ్ బాక్సుకు తెలియదు. బాక్సు ఎవరి కాళ్ళూ చూడదు.

ఇక పాటలో మాటలు ఉండాలా వద్దా అన్న సంగతి. జిమ్నాస్టిక్స్ పోటీల్లో ఆడపిల్లల ఫ్లోర్ విన్యాసానికి 90 సెకన్లకు మించని సంగీతం పెడతారు. అందులో మాటలు వినిపిస్తే ఒక పాయింటు కోసేస్తారు. మగపిల్లల ఫ్లోర్‌కి అసలు సంగీతమే ఉండదు. రిథమిక్ జిమ్నాస్టిక్స్‌లో మాత్రం 2013 నుంచి మాటలున్న పాటలకు కొంతవరకు అనుమతి ఇచ్చారు. అంటే ఈ విషయంలో అందరిదీ ఒకే మాట కాదు. నా అనుభవంలో మాత్రం మాటలు పిల్లల్ని చెడగొడతాయి. మేం సాధన చేసే రోజుల్లో రెండో వరస వాడు ఒకడు పాట పాడుకుంటూ ఎక్కేవాడు. మాట మీద ధ్యాస పెడితే లెక్క మీద ధ్యాస ఉండదు. పైగా మనం పెట్టే పాటల్లో మాటలేమిటో ఒకసారి చదివి చూడండి. పదకొండేళ్ళ పిల్లవాడు జెండా పట్టుకుని నిలబడితే వెనక నుంచి నడుము గురించి పాట వస్తుంటుంది. కలెక్టరాఫీసు నుంచి వచ్చినవాళ్ళు ముసిముసిగా నవ్వుతారు. కరోకే ట్రాక్ పెట్టాం కదా, మాటలు లేవు కదా అంటారు కొందరు. జనం పాడేస్తారండీ! అందరికీ తెలిసిన పాట గొంతు తీసేసినా మాటలతోనే వినిపిస్తుంది.

సినిమా పాటకు ఇంకో ఇబ్బంది ఉంది. దాని నడక నృత్యం కోసం, తెర కోసం కట్టింది. పల్లవికి ఒక వేగం అనిపిస్తుంది, మధ్య బిట్‌లో ఒక్కసారిగా డ్రమ్ములు విరుచుకుపడతాయి. ఆ డ్రమ్ములు వినగానే పిల్లల ఒళ్ళు ఊగుతుంది, విన్యాసంలో ఒళ్ళు ఊగకూడని ఘడియ సరిగ్గా అదే. ఎన్‌సీసీలో చేరినవాళ్ళకు తెలుసు, తేజ్ చల్ అంటే నిమిషానికి 120 అడుగులు, ధీరే చల్ అంటే 70. పిరమిడ్ ఎక్కడానికి ఆ 70 దగ్గరి నడక సరిపోతుందని నా అంచనా. ఒక దెబ్బకు చెయ్యి, ఒక దెబ్బకు కాలు, మధ్యలో ఊపిరి. పల్టీలకు 120 బాగుంటుంది. మనవాళ్ళు పెట్టే హిట్ పాటలు చాలావాటిని వాచీ పెట్టి లెక్కేశాను, అవి 120కి అటో ఇటో, లేదా ఇంకా పైన. అంటే పరుగెత్తే పాట పెట్టి పిల్లల్ని మెల్లగా ఎక్కమంటున్నాం.

బాక్సులు పెట్టే చోటు గురించి కూడా చెప్పాలి. మన గ్రౌండులో ఒక బాక్సు స్టేజీ పక్కన, ఇంకోటి గేటు దగ్గర పెడతారు. మధ్య దూరం 50 మీటర్ల పైమాటే. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. స్టేజీ దగ్గరున్న పిల్లవాడికి గేటు బాక్సు చప్పుడు సెకనులో ఏడో వంతు ఆలస్యంగా వస్తుంది. ఇంతేనా అనుకోకండి. 120 వేగంలో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉండేది అర సెకను. అందులో దాదాపు మూడో వంతు పోయినట్టే. ప్రతి దెబ్బా రెండుసార్లు వినిపిస్తుంటే ఏ దెబ్బకు కాలు ఎత్తాలి? రెండు బాక్సులూ పిల్లలకు ఒకే పక్కన, దగ్గరగా పెడితే చాలు. పైసా ఖర్చు లేదు.

నాదియా కొమనెచి పేరు మన జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో ఉంటుంది. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో 14 ఏళ్ళ వయసులో పదికి పది తెచ్చుకున్న పిల్ల. 'నాదియాస్ థీమ్' అని ఒక ప్రసిద్ధమైన బాణీ ఉంది. అందరూ ఆమె ఆ బాణీకే ఆడిందనుకుంటారు. నిజానికి అది 1971 నాటి ఒక సినిమా కోసం కట్టిన బాణీ. అమెరికా టీవీవాళ్ళు ఆమె విన్యాసాలను నెమ్మదిగా తిప్పి చూపిస్తూ వెనక దాన్ని కలిపారు. ఆమె మాంట్రియల్‌లో ఆడింది వేరే పియానో సంగీతానికి. చూసేవాళ్ళకు ఒక సంగీతం, ఆడే పిల్లకు ఒక సంగీతం. మనం హాస్టల్ డేకి ఎంచేది టీవీవాళ్ళ సంగీతం.

మరి ఏం పెట్టాలి? డప్పు పెట్టాలన్నది నా అభిప్రాయం. ఇది రాయడానికే నాకు ఇంతసేపు పట్టింది.

పోయిన ఏడాది సాధన చేయించడానికి నేను ఆదివారాలు హాస్టల్‌కు వచ్చాను. డప్పు మాట ఎత్తగానే పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు లేచి, "మా నాన్న కొట్టేది చాలన్నా. నేను చదువుకోడానికొచ్చా" అన్నాడు. వాడి మాటకు నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే మా నాన్న కూడా డప్పు కొడతాడు. చావుకు పిలిస్తే వెళ్ళాలి, చాటింపుకు పిలిస్తే వెళ్ళాలి, జాతరకు ముందు నడవాలి, భోజనాలకు చివర కూర్చోవాలి. హాస్టల్‌లో చేరినప్పుడు దరఖాస్తులో తండ్రి వృత్తి దగ్గర "కూలి" అని రాయించింది నేనే. పదో తరగతి అయ్యేదాకా ఒక్క స్నేహితుడికి కూడా చెప్పలేదు. ఊళ్ళల్లో డప్పు కొట్టడం మానేసినవాళ్ళు ఆత్మగౌరవం కోసం మానేశారు, వాళ్ళను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కాబట్టి, డప్పు మన కళ, గర్వపడాలి అని ఆ పిల్లవాడికి ఉపన్యాసం ఇవ్వలేదు. ఇంట్లో డప్పు ఉన్న పిల్లవాడి చేతికే మళ్ళీ డప్పు ఇచ్చి, మిగతావాళ్ళను పిరమిడ్ ఎక్కిస్తే ఊళ్ళో జరిగేదానికీ హాస్టల్‌లో జరిగేదానికీ తేడా ఏముంది? ఎవరికి ఇష్టముంటే వాళ్ళు పట్టాలి, ఏ ఇంటి పిల్లవాడైనా సరే. పీఈటీ సారు పట్టినా సరే.

ఆ పిల్లవాడిని రెండో వరసలో పెట్టాను. డప్పు నేనే పట్టాను.

పట్టాను గానీ నాకు రాదు. సిర్ర కుడిచేతిలో, చిటికెన పుల్ల ఎడమచేతిలో పట్టుకోవాలన్న సంగతి మాత్రమే గుర్తుంది. నాన్నకు ఫోన్ చేసి అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. "నువ్వెందుకురా?" అన్నాడు చివరికి. విషయమంతా చెప్పాను. విరిగిన చెయ్యి సంగతి కూడా అప్పుడే మొదటిసారి చెప్పాను. తర్వాతి ఆదివారం డప్పు సంచిలో పెట్టుకుని బస్సెక్కి వచ్చాడు. వంటగది వెనక నాలుగు చితుకులు ఏరి మంట వేసి డప్పు కాచాడు. వంటమనిషి అక్క, వాచ్‌మన్ తాత, పిల్లలు చుట్టూ చేరారు. కాచకముందు, కాచిన తర్వాత ఒక్కో దెబ్బ కొట్టి వినిపించాడు. మేకతోలు వేడికి బిగిసి, మందమైన చప్పుడు కాస్తా కంచులా మారింది. పిల్లలు మళ్ళీ మళ్ళీ కొట్టించుకున్నారు. నా ఫిజిక్స్ పాఠం అక్కడ ఐదు నిమిషాల్లో అయిపోయింది.

సాధనలో నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. పల్టీల దగ్గర నాకు హుషారు వచ్చి వేగం పెంచేశాను. వెనకాల ఇద్దరు తొందరపడ్డారు, ఒకడు వెల్లకిలా పడ్డాడు. పరుపులు వేసి ఉన్నాయి కాబట్టి సరిపోయింది. ఏ సంగీతమైనా పరుపుల తర్వాతే. "నీ చెయ్యి కాదురా, వాళ్ళ కాళ్ళు చూడు" అని నాన్న అందరి ముందు కేకలేశాడు. నాయనమ్మ చెప్పిన డోలు మనిషి గుర్తొచ్చాడు.

ఫంక్షన్ రోజు ఇంకో చర్చ. డప్పు కొట్టేవాడు అతిథులకు వీపు పెట్టి నిలబడితే బాగుండదన్నారు. పిల్లలకు ఎదురుగా నిలబడకపోతే కాళ్ళు కనిపించవన్నాను. చివరికి పక్కన, రెండువైపులా కనిపించేలా నిలబడ్డాను. మూడో వరస ఎక్కేటప్పుడు ఒకడి పాదం జారింది. నేను దెబ్బల మధ్య ఎడం పెంచి, చిటికెన పుల్ల మాత్రం ఆడిస్తూ ఉన్నాను. ముందే చెప్పి ఉంచాం, సిర్ర దెబ్బ పడకపోతే ఎవరూ కదలకూడదని. కింద నలుగురు కదల్లేదు. పైవాడు పాదం సర్దుకున్నాడు. దెబ్బ వేశాను. జనం అదంతా ఆటలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. ఏ పాటైనా ఆ పిల్లవాడి పాదం కోసం ఆగి ఉండేదా?

అన్నిటికీ డప్పే కావాలని నేను పట్టుబట్టను. యోగాసనాలకు, నెమ్మదిగా నిలబడే విన్యాసాలకు తాళం లేని రాగాలాపన బాగుంటుంది. మన ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారి నాదస్వరం, పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారి వాద్యం విని చూడండి. రికార్డు పెడితే మాత్రం ముందు విన్యాసం కట్టుకుని, దానికి ఎన్ని సెకన్లు పడుతుందో కొలిచి, ఆ తర్వాత సంగీతం వెతకండి. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ప్లే నొక్కే మనిషి సాధన రోజుల నుంచీ ఒక్కడే ఉండాలి, వాడి కళ్ళు ఫోన్ మీద కాక పిల్లల మీద ఉండాలి. సంగీతం ఆగితే ఎక్కడివాళ్ళు అక్కడే ఆగాలని ముందే నేర్పాలి. మాకు ఆ ఒక్క మాట ఎవరైనా చెప్పి ఉంటే ఆ రోజు మోచేతులు దించేవాళ్ళం కాదు.

నాన్న ఆ రోజు చివరి వరసలో, పాత విద్యార్థుల కుర్చీల వెనక నిలబడి చూశాడు. కూర్చోమంటే కూర్చోలేదు. రెండో వరసలో ఉన్న ఆ ఎనిమిదో తరగతి పిల్లవాడు కార్యక్రమం అయ్యాక వచ్చి డప్పు అంచు తడిమి, "ఇది చింతకొయ్యా, వేపకొయ్యా?" అని అడిగాడు. నాకు తెలియదు. నాన్నను అడగమన్నాను. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో వినలేదు.

ఈ ఏడాది కూడా ఆదివారాలు వస్తాను. పోయినసారి ఒక్క డప్పుతో ఇబ్బందయింది, మధ్యలో చల్లబడి చప్పుడు దిగిపోయింది. రెండోది కావాలి. తోలు, చట్రం ఖర్చు పాత విద్యార్థులం తలాకొంత వేసుకుందామని మాట్లాడుకుంటున్నాం, కలిసివచ్చే అన్నలు వార్డెన్ సారుకు చెప్పండి. కొట్టడం నేర్చుకోవాలనుకునే తమ్ముళ్ళు సిర్ర, చిటికెన పుల్ల మీరే కోసుకుని రండి. నేర్పేది నేను కాదు, మా నాన్న. పొద్దున్నే మొదటి బస్సుకు వస్తానన్నాడు.

— పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (ఫిజిక్స్)